ఏడో అధ్యాయంలో నాలుగు వాక్యాలు

సత్తయ్య చాయ్ ముట్టలేదు. కౌసల్య కప్పు పెట్టి అరగంట దాటింది. పైన మీగడ కట్టి, దాని మీద ఒక ఈగ వాలి లేచిపోయింది.

పోతిరెడ్డిపల్లిలో ఆ రెండు గదుల ఇంట్లో అన్నదమ్ములిద్దరూ చెరో గోడకు ఆనుకుని కూర్చున్నారు. మధ్యలో చాప మీద ప్రూఫు కాగితాలు. పదేళ్ళ కింద కౌసల్య రాసిన నవల 'మంచె కింది నీడ' ఈ జూన్ నుంచి డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు ఉపవాచకం కాబోతున్నది. అయితే ఏడో అధ్యాయంలో నాలుగు వాక్యాలు తీసేయాలని కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పుకుంటున్నట్టు ఆమె సంతకం సోమవారం పొద్దుటికల్లా ప్రెస్సుకు చేరాలి.

సంతకం చెయ్యనని ఆమె నిన్న చెప్పింది. తెల్లారేసరికి కొండాపూర్ నుంచి బావ సత్తయ్య దిగాడు.

"ఈ ముచ్చట మీకెవరు చెప్పిండ్రు బావా?" అని అడిగింది కౌసల్య.

"ప్రెస్సు పాండురంగం చెప్పిండు. ఎలక్షన్ కాగితాలు కొట్టియ్యనీకె పోతె, మీ మరదలు పుస్తకం గిట్ల ఆగింది పటేలా అన్నడు." సత్తయ్య ఎంపీటీసీకి నిలబడుతున్నాడు. తెల్ల చొక్కా అప్పుడే వేసుకోవడం మొదలుపెట్టాడు. "నీ పుస్తకంల ఎన్ని మాటలుంటయి కౌసల్యా? లక్ష ఉంటయా? లక్షల నాలుగు తీస్తే ఏం తక్కువైతది?"

"నాలుగు మాటలు కావు. నాలుగు వాక్యాలు."

"ఏదో ఒకటి."

రెండో గోడకు కౌసల్య భర్త నర్సింహ. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. ఖాకీ ప్యాంటు మోకాళ్ళ దాకా తెల్లని పొడి. ఆ ఘాటు ఎంత ఉతికినా పోదు. చాప మీది కాగితాలను చూడకుండా తన కాలివేళ్ళను చూసుకుంటున్నాడు.

ఆ నాలుగు వాక్యాలు కౌసల్యకు కంఠతా వచ్చు. జొన్న కోతల రోజు. కల్లం దగ్గర మల్లవ్వ అనే కూలి మనిషి ఐదారు కంకులు ఒడిలో దాచుకుంటుంది. ఆసామి అందరి ముందు ఆమె కొంగు విప్పించి దులిపిస్తాడు. ఆ తరువాత వచ్చేవే ఆ నాలుగు. మొదటి రెండింటిలో ఆసామి ఆమెను కులం పేరు పెట్టి, ఆ పేరుకు ఒక జంతువు పేరు తగిలించి, ఒక మాట అంటాడు. మూడోదాంట్లో కల్లం అంతా నవ్వుతుంది. నాలుగోదాంట్లో మల్లవ్వ అతని గాదెలకు పురుగు పట్టాలని శాపం పెడుతుంది.

నవలలో కౌసల్య పేర్లు మార్చింది. చదివిన ఆ కొద్దిమందీ వాటిని మళ్ళీ వెనక్కి మార్చుకుని చదివారు. ఆసామి అంటే ఆమె మామ, సత్తయ్య నర్సింహల తండ్రి. చనిపోయి పదిహేనేళ్ళు. మల్లవ్వ అంటే సోమమ్మ. కొండాపూర్‌లోనే ఉంది. బతికే ఉంది.

"కమిటీ వాళ్ళు చెప్పినట్టు తీసేస్తె ఎట్లుంటదో జెర వినుండ్రి," అని కౌసల్య పైకాగితం తీసింది. పాండురంగం రెండు రకాలుగా ప్రూఫు తీయించి పంపాడు. కోసినది చదివింది. "'మల్లవ్వ కంకులు ఒడిలో దాచుకున్నది. ఆసామి ఆమె కొంగు విప్పించి దులిపించాడు. కంకులు కింద పడ్డాయి. సాయంత్రం అందరితోపాటు ఆమెకూ కూలి కొలిచి పంపించాడు.'"

కాగితం కింద పెట్టింది.

"ఇప్పుడు చెప్పుండ్రి. దొంగ ఎవరు? ధర్మాత్ముడు ఎవరు?"

సత్తయ్యకు అది బాగానే వినిపించింది.

"అట్లనే ఉండనియ్యి. సచ్చిపోయిన మనిషి ధర్మాత్ముడైతే నీకేం నష్టం?"

"జరిగింది అది కాదు."

"జరిగింది ఒక్క దినం. నువ్వు ఆ ఒక్క దినమే రాసినవు. పెద్దవాన కొట్టి సోమమ్మ వాళ్ళ వాడ ఇండ్లు కూలితె, మా నాయన సొంతంగ తడకలు మోసిండు. నేను చిన్నగున్న, వెనుక పట్టుకొని నడిచిన. ఆ నాయన నీ పుస్తకంల ఏడున్నడు?"

ఆ తడకల సంగతి కౌసల్యకు ఎవరూ చెప్పలేదు.

"రేపు నేను ఆ వాడకే ఓటు అడగపోవాలె," అన్నాడు సత్తయ్య, గొంతు తగ్గించి. "ఆ మాట ప్రింటుల పట్టుకొని ఎవడన్నా ఎదురొస్తె ఏం చెప్పాలె? మా తమ్ముని పెండ్లాం రాసింది, నాకు సంబంధం లేదనాల్నా?"

అప్పుడు నర్సింహ నోరు తెరిచాడు.

"సంతకం పెట్టు కౌసల్యా."

ఆమె భర్త వైపు తిరిగింది. చేతిరాతలో ఉన్నప్పుడు ఆ నవలను మొదట చదివింది ఈయనే. ఏడో అధ్యాయం చదివి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు స్నానం చేసి వస్తూ, తల తుడుచుకుంటూ, "ఉండనియ్యి" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె మిగిలిన పద్నాలుగు అధ్యాయాలు రాసింది.

"అప్పుడు ఉండనియ్యి అన్నవు."

"అప్పుడు ఐదు వందల బుక్కులు. అండ్ల మూడు వందలు మంచం కిందనే ఉండె. ఎవ్వలు చదవని దినాల ఎవలికైనా ధైర్యం ఉంటది." అతను కళ్ళు నులుముకున్నాడు. "ఇప్పుడు ఫ్యాక్టరీల అందరికీ ఎరుకైంది. నిన్న క్యాంటీన్ల సంగప్ప నా పక్కకు కూసోలె. ఇరవై ఏండ్ల సంది నా పక్కకే కూసుంటడు. ప్లేటు పట్టుకొని అటు పోయిండు."

సంగప్ప సోమమ్మ కొడుకు.

"అవ్వా, నువ్వన్న చెప్పు," అన్నాడు సత్తయ్య గుమ్మం వైపు తిరిగి.

గుమ్మంలో వాళ్ళ తల్లి రాజవ్వ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. ఇంత గొడవలోనూ ఆమె చెయ్యి ఆగలేదు. ఆ కల్లం సంగతి కౌసల్యకు చెప్పింది ఆమే. పెళ్ళయి వచ్చిన రెండో ఏడు, పల్లికాయ వలుస్తూ, ఉన్నట్టుండి ఏడ్చి చెప్పింది.

"నాకేం ఎరుక బిడ్డా. సదువుకున్నోళ్ళ ముచ్చట," అన్నది రాజవ్వ, తల ఎత్తకుండా.

సత్తయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు.

"సోమారం పొద్దుగాల్ల ప్రెస్సుకాడ ఉంట. నువ్వు సంతకం పెడితె ఈ ఇంటికి మల్ల వస్త. పెట్టకుంటె, మా అవ్వను సూడనీకె గూడ రాను."

చాయ్ అట్లాగే ఉండిపోయింది.

*

సాయంత్రం సంగప్ప వచ్చాడు. గేటు బయట టీవీఎస్ ఆపి, లోపలికి రాకుండా నిలబడ్డాడు. మామూలుగా అయితే నేరుగా వచ్చి అరుగు మీద కూర్చునే మనిషి.

"నర్సింహన్న పండుకున్నడా?"

"పండుకున్నడు. లోపలికి రా సంగప్పా."

"నీతోనే పని టీచరమ్మా."

అతను వచ్చి ముందుగా రాజవ్వ దగ్గర వంగాడు. "మంచిగున్నవా పెద్దవ్వా?" అని అడిగాడు. ఆమె అతని తల మీద చెయ్యి పెట్టింది. చిన్నప్పుడు పశువుల కాడ ఉన్న అతనికి పలక కొనిచ్చి బడికి పంపింది ఆమేనని, నలుగురిలోనూ చెప్పుకుంటాడు. పదో తరగతి దాకా అతని మధ్యాహ్నం బువ్వ ఆ ఇంట్లోనే.

కౌసల్య కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"మా స్వరూప నీ దగ్గర చదివిన పిల్లనే. ఈ ఏడు డిగ్రీల చేరుతున్నది," అన్నాడు.

"తెలుసు. తెలుగుల తొంభై వచ్చినయి."

"ఆ బుక్కు ఆమెకే వస్తది గదా."

కౌసల్య తల ఊపింది.

"క్లాసుల నలభై యాభై మంది ఉంటరు. సారు ఏడో పాఠం తీస్తడు. ఎవల్నో ఒకల్ని లేపి సదవమంటడు. ఆ మాట కాడికి వస్తరు." అతను ఒక్కో వాక్యాన్నీ నేల మీద పెడుతున్నట్టు మాట్లాడాడు. "అప్పుడు క్లాసంత ఎవలి దిక్కు చూస్తరు టీచరమ్మా?"

కౌసల్య ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నది. ఆ చూపులు ఎటు తిరుగుతాయో ఆమెకు తెలియనిది కాదు.

"ఆ మాట అన్నోడు ఎంత పాపిష్టోడో తెలవాలనే రాసిన సంగప్పా."

"నువ్వు మంచికే రాసినవు. నేను కాదంటలేను. కాని అన్నోడు సచ్చిండు. పడ్డోళ్ళం ఉన్నం. బుక్కుల ఆ మాట మల్ల మల్ల పడుతనే ఉంటది. ఏటికేడు కొత్త పిల్లలు సదువుతరు. మా వాడ పిల్లలు ఏటికేడు తలకాయ దించుకొని కూసోవాల్నా?"

లోపల ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపిస్తున్నది. నర్సింహ నిద్రపోలేదని, వింటున్నాడని కౌసల్యకు తెలుసు.

ఆమె లోపలికి పోయి రెండు ప్రూఫులూ తెచ్చి, కోసిన దాన్ని అతని చేతికిచ్చింది. "ఇది చదువు," అన్నది.

సంగప్ప గోడకు ఆనుకుని చదివాడు. నెమ్మదిగా, పెదవులు కదుపుతూ. ఒకసారి అయింది. మళ్ళీ మొదటికి పోయాడు. రెండోసారి చివరికి వచ్చేసరికి అతని ముఖంలో ఏదో సడలిపోయింది.

"ఇట్లైతె మా అమ్మ ఉత్త దొంగనే అయితది."

"అవును."

"పటేలు మంచోడైతడు. దొంగిలించినా కూలి ఇచ్చిండు అంటరు."

"అవును సంగప్పా."

"మరి ఆ పాఠమే మొత్తానికి తీసెయ్యరాదా?"

"తీస్తె మల్లవ్వనే ఉండదు. తర్వాత ఆమె కొడుకును బడికి తోలేది, కూలి పెంచమని ఆడోళ్ళను జమ చేసేది, అన్నీ ఈ పాఠంలకెల్లి వచ్చినవే. ఇది తీసి అవి ఉంచితె, ఎందుకు చేసిందో ఎవలికీ సమజ్ కాదు."

అతను కాగితాన్ని మడిచి, మడత విప్పి, మళ్ళీ మడిచాడు.

"ఉంటె మాకు నొప్పి. తీస్తె మీకు మేలు," అన్నాడు.

మీకు. ఈ ఇంట్లో ఇన్నేళ్ళలో అతను 'మనకు' తప్ప మరో మాట అనగా ఆమె వినలేదు. ఆ ఒక్క మాట మారితే ఇంటి ముందు గేటు ఎంత ఎత్తుకు లేచిందో ఆమెకు కనిపించింది.

"మీ అమ్మను అడిగినవా?"

"ఆమెకు సదువు రాదు. బుక్కుల ఏమున్నదో గూడ ఎరుక లేదు. ముసలిదాన్ని ఎందుకు కదిలియ్యాలె?"

"పదేండ్ల కిందనే నేను అడగాల్సింది. అడగలె." ఆ మాట అనడానికి కౌసల్యకు కష్టమైంది. "రేపు ఐతారం. నేను వచ్చి చదివి వినిపిస్త. ఆమె తియ్యమంటె తీస్త. కమిటీ చెప్పిందని కాదు, మా బావ చెప్పిండని కాదు. ఆమె చెప్పిందని తీస్త."

"ఉంచమంటె?"

"ఉంచుత. ఉపవాచకం పోతె పోయె."

సంగప్ప కాగితం తిరిగి ఇచ్చి, "పది గంటలకు రా," అన్నాడు.

అతను గేటు దాటుతుండగా గుమ్మంలోంచి రాజవ్వ గొంతు వినిపించింది.

"నేను గూడ వస్త."

"ఎండల నువ్వెందుకు అత్తమ్మా?"

"సోమిని సూడక శాన దినాలైంది," అన్నది రాజవ్వ. గింజ తీసిన చింతపండును గంపలో వేసి, పైన గుడ్డ కప్పింది.

*

ఆదివారం సంగారెడ్డి బస్సు కొండాపూర్‌లో దించేసరికే ఎండ ముదిరింది. సోమమ్మ ఇల్లు వాడ చివర, ఒక్క గది, ముందు నీడకు రేకులు దించిన చాయబాన. సంగప్ప చాప పరిచి ఉంచాడు. స్వరూప ఇంటర్ హాస్టల్లోనే ఉందట. కావాలనే రావద్దన్నానని చెప్పాడు.

సోమమ్మ సన్నగా, నిటారుగా కూర్చుంది. చూపు ఒక కంటికి మందగించింది. రాజవ్వను చూసి, "రా పటేలమ్మా, కూసో," అన్నది. రాజవ్వ చాప మీదికి రాలేదు. చాయబాన గుంజకు ఆనుకుని కొంచెం అవతలగా కూర్చుంది.

"నా మీద బుక్కు రాసినవట గద బిడ్డా."

"పేరు మార్చిన సోమమ్మా. మల్లవ్వ అని పెట్టిన."

"మంచిగనే ఉన్నది. సదువు."

కౌసల్య కోయని ప్రూఫు తీసి చదవడం మొదలుపెట్టింది. తెల్లవారుజామున కోతకు పోయే ఆడవాళ్ళు, కొడవళ్ళు, చంకలో పసిపిల్లవాడు. సోమమ్మ కళ్ళు మూసుకుని విన్నది. అక్కడక్కడా తల ఊపింది. ఒకచోట నవ్వింది.

"ఎద్దు పేరు గూడ రాసినవా? మైలోడు. అది నన్ను రెండుమాట్ల పొడిచింది."

కౌసల్యకు కొంత ధైర్యం వచ్చింది. చదివింది. మధ్యాహ్నం ఎండ, ఆకలి, పిల్లవాడి ఏడుపు. మల్లవ్వ ఐదారు కంకులు ఒడిలో దాచుకుంది.

"ఏడు," అన్నది సోమమ్మ.

"ఏడు కంకులా?"

"ఏడు. లెక్క పెట్టుకుంటనే తెంపిన. సదువు."

కొంగు దులిపించారు. కంకులు కింద పడ్డాయి. తరువాతి వాక్యం దగ్గర కౌసల్య చదవడం ఆపింది. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. నిన్నంతా ఆ మాట కోసం అందరితోనూ వాదించింది. ఈ ఒక్క మనిషి ముందు దాన్ని పలకడానికి నోరు రాలేదు.

"సోమమ్మా, ఇక్కడ ఆ మాట ఉన్నది."

"ఉంటదని ఎరుకనే."

"చదవాల్నా?"

"నలభై ఏండ్ల సంది నా చెవులనే ఉన్నది బిడ్డా. బుక్కుల ఎట్లున్నదో విననియ్యి."

సంగప్ప ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కౌసల్య చదివింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. ఆసామి ఇట్లా అన్నాడు, ఆసామి అట్లా అన్నాడు, కల్లం అంతా నవ్వింది.

సోమమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవలన్నరు?"

"ఆసామి."

"ఆసామి అంటె?"

"మా మామ." ఎందుకు అడుగుతున్నదో కౌసల్యకు అర్థం కాలేదు. "పెద్ద పటేలు."

సోమమ్మ ఆమెను చూడలేదు. ఆమె భుజం మీదుగా, గుంజ దగ్గరికి చూసింది. ఎంతోసేపు చూసింది. పటేలు ఇంటి ఆడమనిషిని పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పేరుతో పిలవని సోమమ్మ అప్పుడు పేరుతో పిలిచింది.

"గిట్లనే చెప్పినవా రాజవ్వా?"

రాజవ్వ గుంజను ఒక చేత్తో పట్టుకుంది.

"ఆయన ఆడనే ఉండె," అన్నది.

"ఉండె. ఎడ్లు ఉండె. మంచె ఉండె. అన్నదెవలు?"

రేకుల మీద ఎండ చిటపటమన్నది. పక్కింట్లో ఎవరో బిందె దించారు. కౌసల్య అత్తగారి వైపు తిరిగింది. అడ్డంగా తల ఊపుతుందేమోనని, కోపగిస్తుందేమోనని ఎదురుచూసింది. ఆ క్షణాన అట్లా జరగాలనే కోరుకుంది కూడా.

"నేనే అన్న," అన్నది రాజవ్వ.

గొంతు వినపడీ వినపడకుండా ఉంది. కాని ఒకసారి మొదలయ్యాక ఆగలేదు.

"కొంగు గుంజి దులిపింది గూడ నేనే. తాళాల గుత్తి నా బొడ్ల పెట్టి నెల కాలె. కల్లం నా చేతికి వచ్చిన మొదటి పంట. మా అత్త మంచం మీదికెల్లి చూస్తున్నది. కూలోళ్ళను అదుపుల పెట్టరాదు దీనికి అంటదని... అనేసిన. నోట్లకెల్లి అట్లనే వచ్చేసింది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన మొఖం తిప్పుకున్నడు. ఒక్క మాట అనలె. సాయంత్రం కూలి కొలవమని చెప్పింది గూడ ఆయననే."

పల్లికాయ వలుస్తూ ఏడ్చిన అత్తగారు కౌసల్యకు గుర్తొచ్చింది. భర్త చేసిన పాపానికి ఏడుస్తున్నదనుకుని, ఆ చేతులు పట్టుకుని తానూ ఏడ్చింది. ఆ ఏడుపు నుంచే నవల పుట్టింది. కమిటీ వాళ్ళు నాలుగు వాక్యాల కింద ఎర్రగీత గీశారని మూడు వారాలుగా తిండి సయించలేదు. ఎవరూ గీత గీయకముందే, తన చెయ్యి కలం పట్టకముందే, ఒక మనిషి అందులోంచి పోయింది. ఇంకో మనిషి ఆమె చోట వచ్చి నిలబడ్డాడు. ఆ చచ్చిపోయిన మనిషిని కౌసల్య పదేళ్ళుగా అసహ్యించుకున్నది.

సంగప్ప లేచి నిలబడ్డాడు. అతను రాజవ్వ వైపు చూడలేదు. తల్లినే చూశాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పాలె?"

"ఇదే. నాకు మీసాలు వచ్చినంక గూడ చెప్పలె. ప్రతి దసరాకు పోయి ఆమె కాళ్ళు మొక్కుతుంటె చూసుకుంట కూసున్నవు."

"చెప్తె ఆమె పెట్టిన బువ్వ తింటుంటివా?" సోమమ్మ గొంతు పెరగలేదు. "పలక పట్టుకుంటుంటివా? నీ కడుపు నిండాలె. నీకు సదువు రావాలె. గందుకే పటేలు అన్నడని చెప్పిన. ఆయన నీకేం పెట్టలేదు గదా, ఆయన మీద కోపమున్నా నీకు నష్టం లేదు."

సంగప్ప బయటికి నడిచి బండి స్టాండు తీశాడు. రెండుమూడు సార్లు తన్నినా అది స్టార్టు కాలేదు. చివరికి తోసుకుంటూనే వాడలోంచి పోయాడు.

"సంగప్పా," అని రాజవ్వ పిలిచింది. అతను వెనుదిరగలేదు.

ముగ్గురు ఆడవాళ్ళూ మిగిలారు. రాజవ్వ కౌసల్య కొంగు అంచును రెండు వేళ్ళతో పట్టుకుంది.

"పెద్దోనికి చెప్పకు బిడ్డా. వాడు నాయన కోసం కొట్లాడుతున్నడు. నన్ను చూసి... వాడు ఇంటికి రాడు ఇగ."

కౌసల్య ఆ చేతిని తీసెయ్యలేదు. పట్టుకోలేదు కూడా. రేపు పొద్దున ప్రెస్సు దగ్గర బావ నిలబడి ఉంటాడు. కోసిన ప్రూఫు మీద సంతకం చేస్తే ఒక అబద్ధం. కోయనిదాన్ని పట్టుబట్టి ఉంచితే ఇంకో అబద్ధం. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇంట్లో ఈ ముసలిది ఎవరి ముఖం చూసి బతకాలి?

"సోమమ్మా," అన్నది. "నువ్వు ఎట్ల చెప్తె అట్ల చేస్తనని సంగప్పకు మాటిచ్చిన. తియ్యాల్నా, ఉంచాల్నా?"

సోమమ్మ కాళ్ళు చాపుకుని మోకాళ్ళు నిమురుకుంది. తొందరేమీ లేనట్టు ఉంది.

"తీసుడు, ఉంచుడు తర్వాత చూద్దాం. నువ్వు మధ్యల ఆపినవు. మొదటిసంది మల్ల సదువు. ఈసారి ఆమె గూడ వింటది."

రాజవ్వ కొంగు వదిలేసింది.

కౌసల్య కాగితాలు సర్దుకుని ఏడో అధ్యాయం మొదటి పేజీ మళ్ళీ తీసింది. కోతకు పోయే ఆడవాళ్ళు, కొడవళ్ళు, చంకలో పిల్లవాడు. సోమమ్మ కళ్ళు మూసుకుంది. రాజవ్వ మూసుకోలేదు. ఎండ, ఆకలి, ఏడు కంకులు. అవి కింద పడ్డాయి.

తరువాతి వాక్యం 'ఆసామి' అన్న పేరుతో మొదలవుతుంది. కౌసల్య ఆ పేరు కింద వేలు పెట్టి ఆగిపోయింది. ఆ చోట ఎవరి పేరు చదవాలో ఆమెకు తెలియలేదు. సోమమ్మ కళ్ళు తెరిచింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఆమె నోటి వైపే చూస్తున్నారు.